చెవులు బాగుచేసిన ఫొటో

ఉత్తరాది మంచుసీమలో రెయిన్‌డీర్లను మేపుకునే రిస్టెన్ మందలోకెల్లా సాధువు ఆ తెల్లది. రొట్టెముక్క చూపిస్తే గుమ్మం దాకా వచ్చేస్తుంది. ఓస్లో నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు మాత్రం, అడవి జంతువు బెదిరిపోతుందని మంచులో బోర్లాపడి పాక్కుంటూ వెళ్ళాడు. ఎదురుగా రొట్టె పట్టుకుని నిలబడ్డ రిస్టెన్‌ను కసురుకున్నాడు కూడా.

"కాస్త పక్కకు తప్పుకోండమ్మా, ఫొటోలో మనుషులు పడకూడదు."

శీతాకాలానికి క్యాలెండరు పంపాడు. డిసెంబరు పేజీ నిండా ఆ తెల్లదే, కింద "మనిషి జాడ తగలని ఉత్తర సీమ" అని ఉంది. మురిసిపోతూ చూస్తున్న రిస్టెన్ ఒక్కసారిగా భగ్గుమంది. రెండు చెవులూ నున్నగా, నిండుగా ఉన్నాయి. అది దూడగా ఉన్నప్పుడు తను చెవులకు కత్తితో కోసిన గుర్తు, అది తన మందలోదని చెప్పే ఒకే ఒక్క గుర్తు, మాయమైంది. వెంటనే ఫోను చేసింది.

"పాపం, చెవులు చిరిగిపోయి ఉన్నాయి కదండీ. కంప్యూటర్లో బాగుచేశాను," అన్నాడతను, మెచ్చుకుంటుందేమోనని ఆగుతూ.

పక్కన కాఫీ తాగుతున్న మరిది ఆస్లాక్ పడీపడీ నవ్వాడు.

"గుర్తులేని జంతువు దొరికినవాడిదే కదా వదినా! నా గుర్తు కోసేసుకోనా?"

"నోర్ముయ్. అది నాదని ఊరంతటికీ తెలుసు."

"అయినా గుర్తు లేకేం, ఉందిగా! అదిగో, కింద మూలన చూడు."

మూలన చిన్న అక్షరాలతో, అందంగా, ఫొటోగ్రాఫరు పేరు ఉంది.

రిస్టెన్ నడుమున ఉన్న కత్తి తీసింది. ముందు ఆ మూలను కోసి పొయ్యిలో పడేసింది. తరవాత, దూడకు కోసినంత జాగ్రత్తగా, కాగితం చెవులు రెండింటికీ తన గుర్తు కోసింది.