కుట్టు కనబడని గొంతు

ఆమె ఉద్యోగం ఆసుపత్రిలో చెవులు పరీక్షించడం. చప్పుడు చొరబడని చిన్న గదిలో మనుషులను కూర్చోబెట్టి, అద్దం అవతలి నుంచి సన్నని శబ్దాలు పంపేది. వినబడితే వాళ్ళు వేలెత్తేవారు. ఇంట్లో అన్నయ్య ఉండేవాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కుదరలేదు, దాని గురించి ఇద్దరూ పెద్దగా బెంగపడనూ లేదు. అన్నయ్యకు పాత స్పీకరు పెట్టెలంటే పిచ్చి. హాల్లో నడుమెత్తు పెట్టెలు రెండు ఉండేవి. ఒక్కోదానిలో మూడేసి స్పీకర్లు: మంద్రానికి పెద్దది, గొంతుకు మధ్యది, సన్నని శబ్దాలకు బుల్లిది. వాటిని బాగుచేద్దామని వెనక పలకలు విప్పి, తీగలు బయటికి లాగి పెట్టాడు. అంతలోనే గుండె ఆగి పోయాడు.

"పాత సామాన్ల వాడికి ఇచ్చెయ్యవే, హాలు ఖాళీ అవుతుంది," అంది చూడవచ్చిన పిన్ని.

ఇంకా ఎంత ఖాళీ కావాలి పిన్నీ అని అడగాలనిపించింది. కాఫీ కలపడానికి లేచింది.

అన్నయ్య వదిలిన చోటే పని అందుకుంది. అతని కుర్చీలో తల ఉండే ఎత్తుకు మైకు నిలబెట్టింది. కంప్యూటర్ నుంచి పంపిన పరీక్ష శబ్దం తుమ్మెద రొదలా మొదలై, ఈలలా పైకి ఎగసేది. దాన్ని మైకు వింటుంటే తెర మీద గీత పడేది. ఒక్కో స్పీకరునూ విడిగా కొలిస్తే ఏ వంకా లేదు. కలిపి మోగిస్తే మాత్రం, మధ్యది బుల్లిదానికి పని అప్పగించే చోట గీత గోతిలో పడేది. ఆడగొంతులోని మెరుపంతా ఆ గోతిలోకే పోతోంది. వేరు కాపురాల్లో తోడికోడళ్ళిద్దరూ బంగారమే, ఒక్క పొయ్యి దగ్గర చేరితేనే తంటా అనుకుంది. అన్నయ్య ఉంటే ఈ మాటకు పడీపడీ నవ్వేవాడు.

సాయంత్రాలన్నీ దానికే పోయాయి. ఏ శబ్దం ఏ స్పీకరుకు పోవాలో పంచిపెట్టే కెపాసిటర్లు ఎండిపోతే, వాటిని మార్చింది. మధ్య స్పీకరు జోరు కాస్త తగ్గించింది. చివరికి ఆ పని తెలిసినవాళ్ళు చేసే తమాషా పరీక్ష ఒకటి చేసింది. బుల్లి స్పీకరు తీగలను కావాలనే తిరగేసి కలిపింది. రెండు స్పీకర్లకూ నిజంగా జత కుదిరితే, అలా తిరగేసినప్పుడు ఒకదాన్నొకటి చెరిపేసుకోవాలి. గొయ్యి ఎంత లోతైతే పొత్తు అంత గట్టిదన్నమాట. తెర మీద గీత పాతాళానికి దిగింది. తీగలు మళ్ళీ సరిగ్గా కలిపేసరికి గొయ్యి పూడిపోయింది.

అన్నయ్య కుర్చీలో కూర్చుని పాట పెట్టింది. పాడే మనిషి రెండు పెట్టెల నడుమ, గోడ ముందు నిలబడినట్టే ఉంది. పల్లవికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"విన్నావా?" అనబోయి ఆగింది. పాట సగంలో ఆపేసి, పెట్టెల మీద దుప్పటి కప్పేసింది.

ఆ తర్వాత ఇంటికి రావడం, తినడం, పడుకోవడం. కొన్నాళ్ళకు ఎవరో తలుపు తట్టారు. కింది అంతస్తు టైలరు. మెట్ల మీద ఎదురైతే తల ఊపడమే తప్ప ఎన్నడూ మాట్లాడుకున్నది లేదు.

"ఏం లేదండీ. రోజూ మీ ఇంట్లోంచి ఓ కూత వచ్చేది. ఈమధ్య ఆగిపోయింది. ఒంట్లో బాగానే ఉందా అని..."

"బాగానే ఉన్నానండీ. మీకు ఇబ్బందయితే అప్పుడే చెప్పాల్సింది."

"మొదట్లో తలనొప్పిగానే ఉండేది. తర్వాత అలవాటైపోయింది. నేనూ ఒక్కణ్ణేగా. పైన మనిషి మసులుతున్నారులే అనిపించేది. ఇంతకీ ఏంటండీ అది?"

సంగతంతా చెప్పింది.

"పనయిపోతే పాట రావాలి కదా మరి?"

ఆమె లోపలికి రమ్మంది. అన్నయ్య కుర్చీ చూపించింది. అతను మొహమాటపడి గుమ్మం పక్కన గోడకు ఆనించిన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె దుప్పటి తీసి పాట పెట్టింది.

"గొంతు బాగుంది," అన్నాడు కాసేపయ్యాక. "కానీ భుజం దగ్గర కుట్టు లాగుతోందండీ. రెండు ముక్కలు అతికినట్టు తెలిసిపోతోంది."

"అక్కణ్ణుంచి అంతే. ఇలా ఈ కుర్చీలోకి రండి."

వచ్చి కూర్చుని విన్నాడు. "ఇక్కడ కుట్టే కనబడట్లేదు. ఒక్కరి కొలతకే కుట్టారన్నమాట," అని, ఇస్త్రీపెట్టె ఆపానో లేదోనంటూ దిగి వెళ్ళిపోయాడు.

అతను మామూలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట తిండి దగ్గరా, బస్సులోనూ గుర్తొస్తూనే ఉంది. మర్నాడు మైకు తీసుకెళ్ళి స్టూలు దగ్గర పెట్టింది. అతను చెప్పింది నిజమే, అక్కడ గీత మళ్ళీ గోతిలో పడింది. ఆ పాత పెట్టెల్లో స్పీకర్లు నిలువు వరసలో లేవు, పక్కపక్కన అమర్చారు. వినేవాళ్ళు పక్కకు జరిగితే ఒకటి దగ్గరై, ఇంకోటి దూరమై అడుగు తప్పుతాయి. బుల్లి స్పీకర్లు లోపలివైపుకు వచ్చేలా కుడి పెట్టెను ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ మార్చింది. రెంటినీ కాస్త లోపలికి తిప్పింది. స్టూలు దగ్గర గొయ్యి చాలావరకు పూడింది. కానీ కుర్చీ దగ్గర, నున్నటి గీతలో చిన్న సొట్ట పడింది.

మళ్ళీ మొదటిలా పెట్టేయడం చిటికెలో పని. అన్నయ్య చోటును చేతులారా చెడగొట్టినట్టనిపించి ఏడుపొచ్చింది. అన్నయ్య పోయినప్పుడు జనం ముందు రాని ఏడుపు అది. ఏడ్చి, ముఖం కడుక్కుని, పెట్టెలను అలాగే ఉంచేసింది.

ఆదివారం టైలరును పిలిచింది. అతను స్టూలు మీదే కూర్చున్నాడు.

"ఇప్పుడు నయం," అన్నాడు. రెండో పాటకే గోడకు చేరగిలబడి గురక మొదలెట్టాడు. వారమంతా మిషను తొక్కిన మనిషి. ఆమె లేపలేదు. కుర్చీలో కూర్చుని పాటంతా వింది.

మెలకువ వచ్చాక అతను సిగ్గుపడ్డాడు. "పొద్దున్నే బట్టలివ్వాలండీ," అంటూ లేచాడు. చెప్పుల చప్పుడు మెట్లు దిగి, కింద తలుపు పడేదాకా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, ఇంకో పాట పెట్టుకుంది.