తొమ్మిదో గుంట

ఉక్కు గొట్టాన్ని పచ్చిక మీద నిలువుగా ఆనించి, రెండు చేతులా పిడి పట్టుకుని, అతను ఒంటి బరువంతా దాని మీద మోపాడు. ఇటొక మెలి, అటొక మెలి. జానెడు లోతు దిగాక మెల్లగా పైకి లాగితే, నెత్తిన గడ్డి, కింద తడిమట్టితో గుండ్రటి దిమ్మ చెక్కుచెదరకుండా వచ్చింది. దాన్ని నిన్నటి గుంట దగ్గరికి మోసుకెళ్లి అందులో కూర్చోబెట్టాడు. అరచేత్తో నొక్కి, వేళ్లతో అంచుల గడ్డి దువ్వి, కాసిని నీళ్లు పోశాడు. రెండు రోజులు పోతే అక్కడ గుంట ఉండేదని ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆ గోల్ఫ్ మైదానంలో పద్దెనిమిది చోట్ల, తివాచీలా కత్తిరించిన పచ్చిక నడుమ, బంతి పడవలసిన గుంట ఉంటుంది. రోజూ ఒకే చోట జనం తొక్కితే గడ్డి చచ్చిపోతుంది కాబట్టి పొద్దున్నే ప్రతి గుంటనూ ఇంకో చోటికి మార్చాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పని అతనిదే. అందుకే అందరికీ అతను గుంటలాయన. ఇన్నేళ్లు గోతులు తవ్వి బతికి కూడా ఒక్క శత్రువును సంపాదించుకోని మనిషి లోకంలో ఇతనొక్కడేనని గేటు కాపలాదారు కొత్తవాళ్లతో అనేవాడు. శత్రువులు లేని మాట నిజమే. ఆ మాటకొస్తే స్నేహితులూ లేరు.

పొట్టి మనిషి. వంగి వంగి వెన్ను కొడవలి తీరుకు తిరిగింది. మోకాళ్లు మడిచినప్పుడల్లా టిక్కుమంటాయి. అరచేతుల్లో కాయలు కాచి, నీళ్ల గ్లాసు వేడిగా ఉందో చల్లగా ఉందో పెదవికి ఆనిస్తే గాని తెలియదు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. ఊరందరి గుంటలూ పూడుస్తావు, ఇంట్లో కారే కుళాయి మాత్రం కట్టలేవని ఆవిడ దెప్పిపొడిచేది. ఆవిడ పోయిన వారానికి కుళాయి బాగుచేశాడు. ఆ తర్వాత గదిలో ఆ చప్పుడు కూడా లేకుండా పోయింది.

ఇవాళ ఆఖరి రోజు. రేపటినుంచి మైదానం మూసేస్తున్నారు. పాత నేలంతా పెకలించి, నీటి గొట్టాలు మార్చి, కొత్త పచ్చిక పరిచి, పద్నాలుగు నెలల తర్వాత తెరుస్తారట. కంచె అవతల పసుపు రంగు యంత్రాలు అప్పుడే వచ్చి వరసగా నిలబడ్డాయి. తెరిచాక పాతవాళ్లందర్నీ పిలుస్తామని సూపర్‌వైజరు ఫోన్ నంబర్లు రాయించుకున్నాడు. గుంటలాయన చెల్లెలి నంబరు రాశాడు. అన్నయ్యా, ఒక్కడివీ అక్కడేం చేస్తావు, వచ్చెయ్యమని ఆమె ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ఇప్పుడు కాదనడానికి సాకు లేదు.

తొమ్మిదో పచ్చిక దగ్గరికి వచ్చేసరికి ఎండ నీరెండగా పరుచుకుంది. అది తాబేటి చిప్పలా మధ్యలో లేచి, చుట్టూ వాలి ఉంటుంది. నెత్తిన గుంట పెడితే తప్పిన బంతి అడుగుదాకా దొర్లిపోతుంది. ఇవాళ మంగళవారం కాబట్టి అతను ఆలోచించకుండానే గుంటను కింద, చదునుగా ఉన్న మూలకు మార్చాడు.

మంగళవారాలు టీచరమ్మ వస్తుంది. ఒకప్పుడు భర్తతో వచ్చేది. ఆయన పోయాక ఏడాది తిరక్కుండా పక్షవాతం వచ్చి ఆమె కుడిచేయి పట్టు తప్పింది. అయినా వచ్చింది. ఆ రోజు ఇదే పచ్చిక మీద ఆమె కొట్టిన బంతి కొట్టినట్టే వెనక్కి దొర్లి వచ్చేసింది. చాలాసేపటికి ఆమె కర్ర కింద పెట్టి, చెట్లవైపు తిరిగి నిలబడిపోయింది. నీళ్లు పెడుతున్న గుంటలాయన అది చూశాడు. మరుసటి మంగళవారం నుంచి తొమ్మిదో గుంట కిందికి దిగింది. ఆరేళ్లయింది. ఆ మూల గడ్డి ఎందుకు పలచబడుతోందని సూపర్‌వైజరు నిలదీస్తే, తెలియదన్నాడు. ఉద్యోగంలో అతను ఆడిన అబద్ధం అదొక్కటే.

గొట్టం కడుగుతుండగా వెనక నుంచి మాట వినిపించింది.

"ఏమయ్యా, ఇవాళ కూడా పల్లంలోనే పెట్టావా?"

టీచరమ్మ. అతను తడబడి లేచి, పైన గడ్డి సరిగా లేదమ్మా అన్నాడు.

"ఆరేళ్లుగా మంగళవారం మంగళవారమే పాడవుతోందా ఆ గడ్డి?"

అతను చేతిలో తడిగుడ్డను పిండాడు.

"మొదట్లో నీ మీద మండిపోయింది. నామీద జాలి పడడానికి వీడెవడు అనుకున్నా." ఆమె కర్ర మీద ఆనుకుని ఊపిరి తీసుకుంది. "తర్వాత తర్వాత, నేను వస్తానని తెల్లారకముందే ఒకరు తలుచుకుంటున్నారు కదా అనిపించేది. మంగళవారం మంచం దిగడానికి ఆ మాట సరిపోయేది. ఇవాళ మాత్రం నడినెత్తిన పెట్టు."

రేపు ఉండని నేల మీద అతను శిఖరం చూసి గొట్టం దించాడు. ఎప్పటికన్నా నెమ్మదిగా, గుంటలో బంతి పడే డబ్బాను అంగుళం అటూ ఇటూ కాకుండా అమర్చి, జెండా కర్ర పట్టుకుని పక్కకు జరిగాడు.

మొదటి బంతి అంచు దాటి కిందికి పోయింది. తేవడానికి వంగిన అతన్ని ఆమె చేత్తో వారించి, తనే దిగి వెళ్లింది. రెండోదీ అంతే. తర్వాత లెక్క ఇద్దరూ వదిలేశారు. ఒకసారి కుడిచేయి పూర్తిగా జారిపోతే, ఆమె తన చేతిని తనే తిట్టుకుంది. చివరికి ఎడమచేత్తో తోసిన బంతి వంకరగా ఎక్కి, గుంట చుట్టూ అరచుట్టు తిరిగి, లోపల డబ్బాలో టక్కున పడింది.

అతను బంతి తీసి, చొక్కాకు తుడిచి ఇచ్చాడు.

"తెరిచాక వస్తావా?" అంది ఆమె.

"పిలుస్తామన్నారమ్మా. మీరూ రావాలి."

"నువ్వు ముందు రా," అని ఆమె మెల్లగా వాలు దిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆట ఆపేశారు. జెండాలు, డబ్బాలు పీకి తెచ్చి, గుంటల్ని అలాగే వదిలేయమన్నారు. కానీ అతను షెడ్డు వెనక నారుమడిలోంచి పద్దెనిమిది దిమ్మలు కోసి తోపుడుబండిలో పేర్చుకున్నాడు. సూపర్‌వైజరు చూసి, రేపు యంత్రం తిరగేసే నేలకు ఇవాళ అతుకులెందుకని నవ్వాడు.

"తెరిచి వదిలేస్తే ఎవరి కాలైనా మడత పడుతుంది సార్," అన్నాడు అతను.

సాయంత్రం దాకా పూడ్చాడు. ప్రతిచోటా నొక్కి, అంచులు దువ్వి, నీళ్లు పోశాడు. తొమ్మిదో దాని దగ్గర మోకాళ్ల మీద కాస్త ఎక్కువసేపు ఉన్నాడు, అంతే. తర్వాత షెడ్డులో బూట్లు విప్పి, చెప్పులేసుకుని, గేటు కాపలాదారుతో వెళ్లొస్తానని చెప్పి, ఎప్పుడూ ఎక్కే బస్సే ఎక్కాడు.

మైదానం పద్నాలుగు కాదు, పంతొమ్మిది నెలలకు తెరుచుకుంది. కొత్త పచ్చికలో వాలన్నదే లేదు. గుంటలు మార్చడానికి వేరే కంపెనీ మనుషులు వచ్చారు. పాతవాళ్ల నంబర్ల కాగితం ఎవరూ తీయలేదు. మొదటి మంగళవారమే టీచరమ్మ వచ్చి, తొమ్మిదో పచ్చిక చుట్టూ ఒకసారి నడిచి, నేరుగా ఆఫీసుకు వెళ్లి గుంటలాయన ఏడని అడిగింది. గుమస్తా ఆ కాగితం వెతికి, ఆమె ఎదుటే ఫోన్ చేశాడు. అవతల చెల్లెలు ఎత్తింది. కిందటి వానాకాలంలో, మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన అన్నయ్య మళ్లీ లేవలేదని చెప్పింది. ఆయన వస్తువులేమైనా అక్కడ ఉండిపోయాయా అని అడిగింది. చూసి చెబుతానని గుమస్తా పాత షెడ్డు తాళం తీశాడు. టీచరమ్మ గుమ్మంలో నిలబడింది.

లోపల గోడ బల్ల మీద ఒక జత బూట్లున్నాయి. మట్టి రేణువు లేకుండా కడిగి, ఆకారం చెడకుండా లోపల వార్తాపత్రికలు కుక్కి, మడమలు గోడకూ ముందుభాగాలు తలుపుకూ ఉండేలా పక్కపక్కన పెట్టి ఉన్నాయి.