రెండో మొగులు

పాన్‌గల్ కొనుగోలు కేంద్రంలో మహబూబ్ కుప్ప పోసి పన్నెండు దినాలైంది. వడ్లలో తేమ పదిహేడు శాతానికి దిగితేనే కాంటా వేస్తారు. పొద్దున మిషన్ పద్దెనిమిది చూపించింది. ఇంకొక్క పూట ఎండ తగిలితే చాలు.

మధ్యాహ్నం ఆత్మకూరు దిక్కు మొగులు లేచింది. దూదిపింజంత మొదలై, చూస్తుండగానే పైకి పెరిగి, తల పరుచుకుని, అడుగు నల్లబడింది. మహబూబ్, భార్య ఖతీజాబీ కుప్ప మీద పట్టాలు కప్పి అంచులకు రాళ్లు పెట్టారు. వాన పావుగంట దంచి తెలకపల్లి దిక్కు పోయింది. వెనకే ఎండ. పట్టా కింద చెయ్యి పెడితే వడ్లు ఉడుకుడుకుగా తగిలాయి. మహబూబ్ పట్టా తీయబోయాడు.

పక్క కుప్ప కురుమూర్తిది. "మహబూబన్నా, జర ఆగరాదే," అన్నాడు.

"కురిసిన మొగులు మళ్లొస్తదా? నీకు వడ్లకంటె పట్టాలే ముద్దు. అవే కప్పుకొని పండుకో."

కురుమూర్తి నవ్వి, తన పట్టా అంచు మీద ఇంకో రాయి పెట్టాడు. మహబూబ్ కుప్ప విప్పి, వడ్లు ఆరేటట్టు పలుచగా నేర్పసాగాడు.

సగం నేర్పాడో లేదో, కాళ్లకు చల్లగాలి తగిలింది. పడమటి గాలి కాదు. పోయిన వాన దిక్కు నుంచే, దుమ్ము లేపుకుంటూ నేలబారుగా వస్తున్నది. తలెత్తి చూశాడు. ఆ చల్లగాలి ఎండకు కాగిన గాలి కిందికి దూరి దాన్ని పైకెత్తుతున్నది. ఎత్తినచోటల్లా పడమర ఒక మొగులు. ఒకటి, రెండు, నాలుగు. ఒకదాని భుజాన్ని ఒకటి రాసుకుని పెరిగి, అన్నీ కలిసి ఒకటే గోడ అయినాయి. ఇన్నేండ్లు మొగులునే చూశాడు గాని, అది విడిచిపోయే గాలిని చూడలేదు.

"ఎత్తు, ఎత్తు," అన్నాడు. ఖతీజాబీ చాటతో, చీరకొంగుతో ఎత్తింది. కురుమూర్తి ఉరికొచ్చి పట్టా కొస పట్టుకున్నాడు. గాలి ముగ్గురి చేతుల్లోంచీ దాన్ని గుంజుకుపోయి కంచెకు తగిలించింది. ఆ తర్వాత వాన. వడ్లు పాయలుగా కాలువ దిక్కు సాగుతుంటే, మహబూబ్ కాళ్లు అడ్డం పెట్టి నిలబడ్డాడు. కాళ్ల సందుల్లోంచే పోయినాయి.

గంటకు వాన తెరిపిచ్చింది. మిగిలినవి కుప్ప చేసి, కంచెకున్న పట్టా తెచ్చి కప్పారు. మళ్లీ ఎండ వచ్చింది.

"ఫర్హాన్ అబ్బా," ఖతీజాబీ కొడుకు పేరుతో మొగుణ్ణి పిలిచి, పిడికెడు వడ్లు తీసి చూపించింది. "ఇప్పుడు ఆరబెట్టకుంటె రేపటికి మొలకలొస్తయి. తీద్దామా?"

మహబూబ్ పట్టా అంచు మీద చెయ్యేశాడు. కాళ్లకు మళ్లీ చల్లగా తగులుతున్నది. పడమర దూదిపింజంత తెల్లగా ఏదో ఉంది.

"చెప్పన్నా," ఈసారి కురుమూర్తి అడిగాడు. అతని చేతిలోనూ తన కుప్ప మీది పట్టా అంచు ఉంది.

"తెల్వదు," అన్నాడు మహబూబ్.

చెయ్యి తియ్యలేదు. పట్టా తియ్యలేదు.