బుధవారం తూకం

నేను ఒక కాటాని. పైన స్టీలు పళ్ళెం, కింద గుండ్రటి ముఖం, ఆ ముఖం మీద ఒక ఎర్ర ముల్లు. అయిదు కిలోల లోపు ఏది పెట్టినా బరువు చెప్పడం తప్ప నాకు ఇంకో పని లేదు. ఆ ఒక్క పనిలోనే దొంగబుద్ధి చూపించి ఒక జీవిని చావు దాకా తీసుకెళ్ళాను. ముందే ఒప్పుకుంటున్నాను. దాచడం అంటే ఇప్పుడు నాకు భయం.

పుట్టింది హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. నా స్ప్రింగును కాల్చి నూనెలో ముంచిన మేస్త్రి, "ముఖం చూసి మాట మార్చే రకం కాదిది" అన్నాడు. ఆ పొగడ్త మోసుకుంటూ గుంటూరు వచ్చి, మూడేళ్ళు ఒక బేకరీలో మైదా తూచాను. బేకరీ మూతపడ్డాక ఒక ఫార్మసీ కాలేజీ వాళ్ళు నన్ను ల్యాబుకి తీసుకుపోయారు. అక్కడ మైదా లేదు. గినీ పిగ్గులున్నాయి.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. కుందేలు పిల్లంత ఉంటుంది. చెవులు చిన్నవి, తోక కనిపించదు. గడ్డి సవ్వడి వింటే ఈల వేస్తుంది. పందికీ దానికీ ఏ చుట్టరికమూ లేకపోయినా మనుషులు పిగ్గు అని పిలుస్తారు. వాటికి పేర్లుండేవి కావు, నంబర్లుండేవి.

అటెండరు సత్యానందం నెమ్మదైన మనిషి. మంగళవారం సాయంత్రం అయిదింటికి, మర్నాటి క్లాసుకు ఎంచిన జంతువు బోనులోంచి మేత తీసేసేవాడు. ప్రయోగానికి తీసే పేగు ఖాళీగా ఉండాలని ల్యాబు పద్ధతి. బుధవారం పొద్దున తొమ్మిదింటికి దాన్ని నా పళ్ళెంలో పెట్టేవాడు. నేను అంకె చెప్పేదాన్ని. క్లాసు చెప్పే సారు రాసుకునేవాడు. తరవాత దాన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళేవారు. ఇరవై రెండేళ్ళలో ఒక్కటి కూడా ఆ తలుపు దాటి వెనక్కి రాలేదు. నా అంకెలో తప్పు లేదు కదా అని నేను నిమ్మళంగా ఉండేదాన్ని. సిగ్గుపడాల్సిన మొదటి సంగతి అదే.

చివరికి పాఠాలు కంప్యూటర్ తెర మీదికి మారాయి. మిగిలిన రెండు ఆడ గినీ పిగ్గుల్ని పెంచుకుంటానని సత్యానందం కాగితం రాసిచ్చాడు. పనికిరాని సామాన్ల జాబితాలో నేనూ ఉన్నాను. "వారం వారం బరువు చూడాలి సార్, ఇది కూడా ఇప్పించండి" అన్నాడు. అలా పాత ఇనుము నుంచి తప్పించుకున్నాను.

అతని భార్య సువార్త అంగన్‌వాడీ టీచరు. ఆ వారమంతా వాళ్ళ ఇల్లు పెళ్ళివారిల్లయింది. సత్యానందం పాత మంచం పట్టెలు కోసి, జాలీ కొట్టి, వరండాలో నాలుగడుగుల దొడ్డి కట్టాడు. అడుగున పేపర్లు, పైన పాత దుప్పటి పరిచాడు. ఎండుగడ్డి కోసం అట్టపెట్టె తగిలించాడు. ఇవి ఒంట్లో సి విటమిన్ తయారు చేసుకోలేవని ఎక్కడో చదివి, ఉసిరికాయలూ క్యాప్సికమూ తెచ్చాడు.

"ఏవయ్యా, నా పుట్టింటోళ్ళు వచ్చినప్పుడు ఎప్పుడన్నా క్యాప్సికం తెచ్చావా?" అంది సువార్త.

"మీ అన్న గడ్డి తినడుగా."

"పెడితే తింటాడు. నువ్వు పెట్టావా?"

నన్ను ఇంటికి తెచ్చే రోజు ఆటో గోతిలో పడి, సీటు మీంచి కింద పడ్డాను. లోపల ఏదో పట్టు వదిలింది. పైకి సొట్ట కూడా లేదు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు బుద్ధిగా సున్నా మీదే నిలబడింది. మొదటి వారం నిజమే చెప్పాను. ఆ తరవాత స్ప్రింగు వారం వారం సడలుతూ వచ్చింది. పెట్టిన బరువు కంటే కాస్త ఎక్కువ, మరి కాస్త ఎక్కువ చెప్పసాగాను. నాకు తెలుసు. ముల్లును ఒకసారి వణికిస్తే చాలు, పాడైందని పట్టుకునేవారు. పట్టుకుంటే పాత ఇనుప కొట్టు. గమ్మున ఉండిపోయాను.

సువార్త వాటికి రూతు, నయోమి అని పేర్లు పెట్టింది. అంగన్‌వాడీ పిల్లలకు గీసినట్టే గోడ మీద ఎదుగుదల చార్టు గీసింది. రూతు మొదటి వారం ఎనిమిది వందల యాభై. ఆరో వారం ఎనిమిది వందల నలభై.

"నిలకడగా ఉంది. నయోమే బాగా ఒళ్ళు చేసింది," అని మురిసిపోయింది.

నయోమి ఒళ్ళు చేయలేదు. అది నా అబద్ధం. రూతు నిలకడగా లేదు. ఆ నిలకడా నా అబద్ధమే.

ఏడో బుధవారం రూతు గడ్డి ముట్టలేదు. ఉసిరి ముక్క ముక్కు దగ్గర పెట్టినా తల తిప్పుకుంది. నా మీద పెడితే ఎనిమిది వందల ముప్పై చూపించాను. సువార్త దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వీపు నిమిరింది.

"ఎముకలు గుచ్చుకుంటన్నాయి. పదేళ్ళ నుంచి పసిపిల్లల్ని తూస్తన్నా. ఈ కాటా అబద్ధమాడతంది."

వంటింట్లోంచి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టు తెచ్చి నా మీద పెట్టింది. సెంటర్లో పిల్లల్ని తూచేముందు రోజూ చేసే పరీక్షట. నా ముల్లు కిలో దాటి, ఇంకా నూట ఇరవై గ్రాములు ఎగబాకి ఆగింది. భూమిలోకి కూరుకుపోదామంటే కాళ్ళు కూడా లేవు నాకు.

రూతును బుట్టలోనూ, నన్ను సంచిలోనూ వేసుకుని ఇద్దరూ పశువుల ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది.

"పేగు కదలడం లేదండీ. వీటి కడుపు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. మీరేమైనా మేత ఆపుతున్నారా?"

"అయ్యో, ఎందుకాపుతామమ్మా? పగలూ రాత్రీ గడ్డి ఉంటది," అంది సువార్త.

సత్యానందం బయటికి నడిచాడు. ఆసుపత్రి వరండాలోకి వచ్చాక బల్ల మీద కూలబడ్డాడు.

"ఆపుతున్నానే," అన్నాడు. "మంగళారం సాయంత్రం తీసేస్తన్నా. పొద్దున తూకం అయ్యాక పెడతన్నా."

సువార్త అతని వంక చూసింది. మంగళవారాలు ఆమె చర్చిలో స్త్రీల కూడికకు వెళ్తుంది. వచ్చాక ఖాళీ పెట్టె చూసి, అవి తినేశాయి, అతను మళ్ళీ నింపుతాడులే అనుకునేది.

"ఎందుకు తీశావయ్యా?"

"తీద్దామని తియ్యలా. ఇరవై రెండేళ్ళ అలవాటు. అయిదయితే చేతులు వాటంతటవే పోతాయి."

"అక్కడెందుకు తీసేవాళ్ళు?"

అతను చెప్పాడు. పక్కగది గురించి కూడా చెప్పాడు. ఇన్నేళ్ళూ ఇంట్లో తన ఉద్యోగం జంతువులకు మేత వెయ్యడమని చెప్పుకున్న మనిషి, తలెత్తకుండా, ఎక్కడా ఆగకుండా చెప్పాడు. సంచిలోంచి విన్నాను. ప్రతి బుధవారం అంకె చెప్పింది నేనేనని అతను అనలేదు. అని ఉంటే బాగుండేది.

సువార్త, "ముందిది బతకాలి. నీ సంగతి తరవాత," అంది.

డాక్టరమ్మ సూది లేని సిరంజి ఇచ్చింది. గడ్డి పొడి, ఉసిరి రసం నీళ్ళలో కలిపి, రెండు గంటలకోసారి పెదవి పక్కనుంచి కొంచెం కొంచెం పట్టాలి. పెంటిక వేస్తే పేగు కదిలినట్టు. రెండు రోజుల్లో వెయ్యకపోతే ఆశ లేదు.

సత్యానందం సిరంజి తీసుకోలేదు. "నువ్వు పట్టు సువార్తా. నా చేతిలో ఇది చూస్తే బెదురుద్ది."

"నేను సెంటర్‌కి పోవద్దా? బెదరనియ్. ఆకలితో మాత్రం చావగూడదు."

పట్టాడు. రూతు బిగుసుకుపోయింది, మొదటి చుక్కలన్నీ చొక్కా మీదే పోయాయి. మాట్లాడటం తెలియని మనిషి దాని చెవి దగ్గర ఏదో గొణుగుతూ మళ్ళీ పట్టాడు. నాలుగో విడతకు నాలుక ఆడించింది. మొదటి రోజు గడిచింది. పెంటిక లేదు. రెండో రోజు మధ్యాహ్నం కూడా లేదు. నయోమి పక్కనే ఆనుకుని పడుకుంది, గడ్డి నమలడం కూడా మానేసి.

రెండో రోజు పొద్దు వాలేవేళ పేపరు మీద రెండు పెంటికలు కనిపించాయి. చిన్నవి, ఎండినవి.

"వేసింది! సువార్తా, వేసింది!" అని సత్యానందం వీధి గుమ్మం దాకా పరిగెత్తాడు.

పక్కింటామె ఆ సంబరానికి తొంగి చూసి, "ఎవరికి, మనవడా మనవరాలా?" అంది.

"పెంటిక వదినా, పెంటిక," అంటూ సువార్త పేపరు ఎత్తి చూపించింది. నవ్వుతూనే ఏడ్చింది. తరవాత మొగుడి దగ్గరికి వచ్చి నిలబడింది. అతని సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తరవాతా ఎత్తినట్టు నేను వినలేదు. ఆ మర్నాటి నుంచి కొత్త మేత వేసేదీ పాతది తీసేదీ ఆమే. అతను అడగలేదు.

నన్ను పాత ఇనుమువాడికి వేసేశారు. ఇప్పుడు కొట్టులో, చక్రం లేని కుట్టుమిషను కింద ఉన్నాను. ఎవరైనా తగిలితే ముల్లు కదులుతుంది, ఏదో ఒక అంకె చెబుతుంది. నమ్మకండి. ఎర్రదీ తెల్లదీ, నలుపు మచ్చదీ, ల్యాబులో నా మీద నిలబడిన అన్నిటి బరువులూ ఇంకా గుర్తున్నాయి. అవి మాత్రం నిజమైన అంకెలు.

ఇక్కడికి పంపేముందు సత్యానందం నా పళ్ళెం ఊడదీసి, బూడిదతో తోమి, కొత్తిమీర వేసి రూతు ముందు పెట్టాడు. అది చాలాసేపు దూరంగా నిలబడి చూసింది. నన్ను బండిలోకి ఎత్తుతున్నప్పుడు ముందుకొచ్చి, ఒక కాడ లాక్కుని, మూలకు పారిపోయి తింది.