ఇక్కడ్నే కూసో

సమ్మమ్మ నెక్కొండల ప్యాసింజర్ ఎక్కిన కాడి నుంచి చేతులు ఆడిస్తనే ఉన్నది. "ఏందవ్వా, పిచ్చిగిట్ల లేసిందా?" అన్నడు ఎదురు సీటాయన. "లేస్తే లేసింది, నీ పని నువ్వు చూస్కో" అన్నది. కొడుక్కు చెప్పాల్సినయి మూడే ముచ్చట్లు. నిన్ను వద్దనుకోని ఇడిచిపెట్టలే. నీకు చదువు రావాల్నని హాస్టల్ల పెట్టిన. తప్పైంది బిడ్డా. ఏడాది సంది చేతులకు నేర్పుకున్నది, హన్మకొండ చేరెటాళ్లకు యాడ మర్చిపోతనో అని ఆమె ఫికర్.

కొడుకు సాయికిరణ్‌కు పుట్టుకతోటే చెవులు వినపడయి. అయితేంది, ఇంట్ల ఉన్నన్నొద్దులు తల్లీకొడుకులకు ముచ్చట్లకేం కొదువ లేకుండె. ముక్కుపుల్ల ముట్టుకుంటే అవ్వ. మీసం మెలేస్తే సచ్చిపోయిన నాయన. నెత్తి మీద రెండు వేళ్లు పెడితే మేక. ఎవలు నేర్పలే, చెల్కల, పొయ్యికాడ ఆళ్లిద్దరే పుట్టించుకున్న సైగలు. గని అండ్ల అన్నముండె, వాన ఉండె; 'ఎందుకంటే' అని చెప్పే సైగ లేకుండె.

అది లేకనే కొంప మునిగింది. పోరనికి ఎనిమిదేండ్లప్పుడు హన్మకొండల వినపడని పిల్లల హాస్టల్‌కు తోలుకొచ్చింది. "ఎనక్కి తిరిగి చూడకుండ పో, ఏడిస్తే మాతోటి కాదు" అన్నది వార్డెనమ్మ. ఏమని చెప్తది వానికి? అరచెయ్యి కిందికి రెండు సార్లు ఆడించింది, ఇక్కడ్నే కూసో అని. వేళ్లు నోటికాడికి తీస్కపోయి, బజ్జీలు తెస్త, ఇప్పుడే వస్త అన్నది. వాడు తల ఊపి మెట్టు మీద కూసున్నడు.

నడుమల వస్తే బెంగటిల్తడని హాస్టలోళ్లు రానియ్యలే. మళ్ల వచ్చింది దసరకే. అన్నొద్దులు బడి విడిచినంక వాడు రోజూ ఆ మెట్టు మీద్నే కూసున్నడట. చెప్పినోళ్లు నవ్వుకుంట చెప్పిండ్రు. సమ్మమ్మ పానం సగం అక్కడ్నే పోయింది.

అప్పటి సంది సెలవులకు వస్తడు, తింటడు, పంటడు, మొఖం మాత్రం ఇయ్యడు. హాస్టల్ల కొత్త సైగలు నేర్చిండు. ఫోన్ల దోస్తులతోటి చేతులతో ఎంత ముచ్చట పెడ్తడో, ఈమెకు ఒక్కటంటే ఒక్కటి తెల్వది. ఈమె ముక్కుపుల్ల ముట్టుకుంటే సిగ్గువడి అటు తిరుగుడు. ఈమెకు అక్షరం రాదు. తమ్ముని పెండ్లాం వినోద చీటీ రాసిస్తే, రెండు మాటలు చదివి చింపి పొయ్యిల ఏసిండు.

పోయినేడు పత్తి ఏరంగ ఆ వినోదనే చెప్పింది. "వదినె, చెవులు వినపడనోళ్ల భాష ఫోన్ల నేర్పుతాండ్లు, చూస్తవా?" ఎర్రజుట్టు దొరసాని ఒకామె. అబ్బ, ఎంత నిమ్మలంగ చేసి చూపెడ్తదో! కింద ఇంగ్లీషుల పడేది వినోద చదివి అర్థం చెప్పేది. నోటి మాటలైతే దేశానికొక తీరు గని, చేతులకేముంటది, అందరియి చేతులే గద అనుకున్నరు ఇద్దరు. పత్తికాయలు గీరుకపోయిన వేళ్లతోటి సమ్మమ్మ ఏడాది ఆ దొరసాని ఎంబడి పడ్డది.

ఇయ్యాల తప్పితే మళ్ల లేదు. సాయికిరణ్‌కు చదువు ఒడిసింది, పూనాల ఏదో గోదాంల కొలువు దొరికింది. హాస్టల్ ముంగట వ్యాన్ ఆగి ఉన్నది. ఎక్కితే మళ్లెప్పుడు వస్తడో ఎవలకెరుక!

కొడుకు ఎదురుంగ నిలవడి మొదలువెట్టింది. బొటనవేలు గదుమకు ఆనిచ్చి అవ్వ అన్నది. మూడు ముచ్చట్లు పొల్లువోకుండ చేసింది. ఆఖరికి పిడికిలి ఛాతి మీద గుండ్రంగ తిప్పి, తప్పైంది బిడ్డా అని, కండ్ల నీళ్లతోటి ఆగింది.

సాయికిరణ్‌కు ఒక్క ముక్క ఎక్కలే. పక్క పోరడు తన ఛాతి మీద పిడికిలి తిప్పుకోని పక్కున నవ్విండు.

సైగలు నేర్పే రమాకాంత్ సారు దగ్గరికొచ్చిండు. "యాడ నేర్చినవమ్మా? ఇది అమెరికాది. మనది వేరే ఉంటది. దేశానికొక తీరు."

"చెవులు వినపడనోళ్లకు గూడ దేశాలున్నయా సారూ?"

నవ్వుడు బంజెయ్యమని సారు ఆ పోరనికి సైగ చేసిండు.

"జర మీరన్న చెప్పుండ్రి, మీ కాల్మొక్త" అని మూడు ముచ్చట్లు నోటితోటి చెప్పింది. సారు చేతులు లేపిండు. సాయికిరణ్ కండ్లు మూసుకున్నడు.

చెవులున్నోడు వద్దనుకున్నా మాట చెవుల పడ్తది. వీనికి కండ్లే దర్వాజ, అది మూసిండు. సారు భుజం తట్టిండు. సమ్మమ్మ గదుమ వట్టి బతిలాడింది. తెరువలే. ఎంత పంతంరా కొడుకా! పగోనికి గూడ ఇసొంటి శిక్ష వద్దు.

వ్యాన్ కదుల్తదని దోస్తు గుంజితే అప్పుడు తెరిచిండు. తల్లిని తేరిపార చూసిండు. రెక్క వట్టి తీస్కపోయి మెట్టు మీద కూసోవెట్టిండు. అరచెయ్యి కిందికి రెండు సార్లు ఆడించిండు. వేళ్లు నోటికాడికి తీస్కపోయిండు. బ్యాగు భుజానికేసుకోని నడిచిండు.

"ఏమంటాండమ్మా?" అన్నడు సారు. ఆ ఇంటి సైగలు ఆయనకు తెల్వయి.

"ఇక్కడ్నే కూసో, బజ్జీలు తెస్త, ఇప్పుడే వస్త అంటాండు సారూ."

"ఇంకేందమ్మా మరి, వస్తడు తియ్యి" అని సారు లోపలికి పోయిండు.

వ్యాన్ గేటు దాటింది. సమ్మమ్మ తల ఊపి మెట్టు మీద్నే కూసున్నది.