తెర అక్కర్లేని కంప్యూటర్

చూపు లేని అక్కకి గోడలో సగం ఆక్రమించే తెర కొనిచ్చిన తమ్ముణ్ణి ఏమనాలి? తెచ్చిన రోజు ఇల్లంతా వాణ్ణి ఆకాశానికెత్తేసింది. అక్కంటే ఎంత ప్రేమో అని పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్క మాత్రం దాని అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. బల్ల మీద ఆమె మోచేతులు ఆనించుకునే చోటంతా ఆ తెర కింది పీట తినేసింది.

ఆమె ఒక డాక్టరు దగ్గర టైపిస్టు. ఇంట్లో కూర్చునే పని. రోగిని చూశాక డాక్టరు ఫోన్లోకి గబగబా చెప్పిన మాటలు ఆమెకి ఫైళ్ళుగా వస్తాయి. హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాటిని రిపోర్టులుగా కొట్టి పంపుతుంది. కొట్టినదాన్ని కంప్యూటర్లో ఉన్న స్క్రీన్ రీడర్ తిరిగి చదివి వినిపిస్తుంది. రాగం లేని ముక్కుగొంతు దానిది. ఆమె దాన్ని ఎంత వేగంగా పరిగెత్తిస్తుందంటే, హెడ్‌ఫోన్లు తీసి పెట్టినా పక్కవాళ్ళకి మూకుడులో బఠాణీలు వేగుతున్నట్టు తప్ప ఇంకేమీ తెలియదు. ఎవరి కడుపులో ఏముందో, ఎవరి రక్తంలో ఏం తేలిందో ఆమె చెవిలో పడి వేళ్ళలోంచి వెళ్ళిపోయేది. మూడో కంటికి తెలిసేది కాదు. ఇన్నేళ్ళలో డాక్టరు ఆమె పనికి వంక పెట్టింది లేదు.

అలాంటిది ఒక పొద్దున కంప్యూటర్ తనంతట తనే ఏవో దించుకుని, ఆగి, మళ్ళీ లేచేసరికి ఆ గొంతు పడిపోయింది. దాన్ని తయారుచేసిన పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే, మీ పెట్టె పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి అని చల్లగా చెప్పారు. నిన్న సాయంత్రం దాకా చక్కగా పనిచేసిన పెట్టె తెల్లారేసరికి ఎలా పాతదైపోతుందని ఆమె అడిగింది. అవతలివాళ్ళు పాట పెట్టి వెళ్ళిపోయారు.

అప్పుడు రంగంలోకి దిగాడు తమ్ముడు. ఇలాంటి కంపెనీల కాళ్ళు పట్టుకోవాల్సిన ఖర్మ మనకేంటక్కా, వాళ్ళ సాఫ్ట్‌వేర్ పీకేసి లినక్స్ వేసుకుందాం, అది అందరిదీ, ఎవడూ మనమీద పెత్తనం చెయ్యడు అన్నాడు. ఆ మాట ఆమెకి నచ్చింది. పెత్తనం చెయ్యని వస్తువు ఒకటి ఇంట్లో ఉంటే బాగానే ఉంటుందనుకుంది. తీరా చూస్తే లినక్స్ అంటే ఒకటి కాదట, చీరల కొట్లో మడతల్లా వందల రకాలట. ఏది వెయ్యాలో తేల్చడానికి తమ్ముడు తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడి బ్యాగు నిండా, ఫోను నిండా లినక్స్ గుర్తైన పెంగ్విన్ బొమ్మలేనని ఇంట్లో వాణ్ణి పెంగ్విన్ అనే పిలుస్తారు. మనిషి మంచివాడే. నోరు విప్పితే మాత్రం ఆగడు.

ముందురోజు తమ్ముడు కొనుక్కొచ్చిన ఆ గోడంత తెర ముందు ఆదివారం పొద్దున కూర్చున్న ఇద్దరూ మధ్యాహ్నం భోజనాలకి కూడా లేవలేదు. రకానికొకటి చొప్పున ఒక డబ్బా నిండా పెన్‌డ్రైవులు. ఒకటి గుచ్చడం, లేపడం, కొట్టుకోవడం, ఇంకోటి గుచ్చడం. తెర మీద కిటికీలు జెల్లీలా ఊగేది కావాలని తమ్ముడు. అదంతా సోకు, ప్రతి ముక్కా మన చేత్తో పేర్చుకునేదే అసలైనదని పెంగ్విన్. ఒక దశలో నువ్వెంతంటే నువ్వెంత అనుకున్నారు. ఆ కంప్యూటర్ని వాడాల్సిన మనిషి పక్కనే కుర్చీలో కూర్చునుంది. ఒక్కడూ ఆమె వైపు తిరిగి నీకేం కావాలి అని అడిగిన పాపాన పోలేదు.

ఆమే అడిగింది. "ఇది మాట్లాడుతుందా?"

"అదంతా తర్వాత పెట్టుకోవచ్చక్కా. ముందు వెయ్యనీ."

పెన్‌డ్రైవు మారినప్పుడల్లా అదే అడిగింది. ప్రతిసారీ తర్వాత అన్నారు. మధ్యలో ఒకటి గుచ్చినప్పుడు పెట్టెలోంచి బీప్ అని చిన్న కూత వినపడింది. ఇదేంటిరా అంది. ఏదో చప్పుడులే అన్నాడు తమ్ముడు. ఇది మరీ ముసలిది, మొహం చూడు ఎలా ఉందో అని పెంగ్విన్ దాన్ని పీకేసి డబ్బాలో పడేశాడు.

చివరికి తమ్ముడే గెలిచాడు. కిటికీలు ఊగేదే వేశారు. వేసి, "ఎంత అందంగా ఉందో చూడక్కా" అన్నాడు. చూడు అన్న మాటకి ఆమె ఎప్పుడూ నొచ్చుకోదు. ఆ మాట లేకుండా ఎవరూ మాట్లాడలేరని తెలుసు. కానీ ఆ రోజు ఒళ్ళు మండింది. మాట రాని యంత్రాన్ని ముందు పెట్టి అందం చూడమంటే ఎవరికైనా మండుతుంది. పాస్‌వర్డ్ కూడా వాడే పెట్టాడు, ఆమె పుట్టినరోజు. ఇంట్లో అందరికీ గుర్తుండాలి కదా అన్నాడు. ఆమె కంప్యూటర్ పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ ఎందుకు గుర్తుండాలో వాడికే తెలియాలి.

గొంతు సంగతి వచ్చే వారం, ఆ పై వారం అంటూ జరుగుతూ పోయింది. పని ఆగదు కదా. ఆమె డాక్టరు మాటల్ని ఫోన్లో వింటూ టైపు చేసేది. ఏం కొట్టిందో, ఎక్కడ తప్పు పోయిందో తెలిసే దారి లేదు. సాయంత్రం తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చి, అక్షరాలు అరచేతులంత చేసి, హాల్లో నిలబడి బిగ్గరగా చదివేవాడు. మెల్లిగా చదవరా అని ఆమె బతిమాలేది. మనింట్లో పరాయివాళ్ళెవరున్నారే అనేవాడు.

ఉన్నది పిన్ని. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వెనక సోఫాలో కూర్చుని, తమ్ముడు రాకముందే ఆ గోడంత తెర మీద గుమ్మడికాయలంత అక్షరాలు ఆవిడే చదువుకునేది. టైపిస్టుకి ఆ సంగతి తెలియదు. సోఫా స్ప్రింగు కిర్రుమనడం వినపడేది. పిన్ని పత్రిక తిరగేస్తోందనుకునేది.

ఒక రోజు డాక్టరు ఫోన్ చేసింది. మీ కింది అంతస్తులో ఉండే ఆవిడ కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా వచ్చి ఒక గడ్డ చూపించుకుంది. మీ పిన్నిగారు మెట్ల మీద ఆవిణ్ణి నిలబెట్టి, పక్కన నలుగురుండగా ఆ గడ్డ గురించి ధైర్యం చెప్పారట. ఆవిడ నా గదిలో కూర్చుని గంటసేపు ఏడ్చి వెళ్ళింది. ఇదీ ఆ ఫోను.

"నేను మిమ్మల్ని పెట్టుకున్నది టైపింగ్ కోసమే కాదు" అంది డాక్టరు. "మీ దగ్గరైతే బయటికి పోదని. సోమవారం నుంచి ఫైళ్ళు పంపాలో వద్దో మీరే చెప్పండి."

టైపిస్టుకి తల కొట్టేసినట్టయింది. మా పిన్ని చేసింది, నా తప్పేమీ లేదు అనబోయి మింగేసింది. తెర తనది, రిపోర్టు తనది, మాట పోయిందీ తనదే. మర్నాడు పాలకోసం మెట్లు దిగుతుంటే ఎదురుగా చెప్పుల చప్పుడు వినపడింది. కింది అంతస్తు ఆవిడ ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది, వెంటనే తెలిసింది. ఏదో ఒకటి చెప్పుకుందామని ఆగింది. అవతల చప్పుడు కూడా ఆగింది. తర్వాత అది వెనక్కి తిరిగి దిగిపోయింది, కింద తలుపు గట్టిగా పడింది.

ఇల్లు చేరేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పిన్నిని నిలబెట్టి దులిపేసింది. అయ్యో, మంచికే కదే చెప్పాను, పాపం ఒక్కతే నలిగిపోతోందని, అంది పిన్ని. నీ మంచి మండా అని తిట్టింది. పుట్టిన తర్వాత ఆమె పిన్నిని అంత మాట అనడం అదే మొదలు. తమ్ముడు మధ్యలోకొచ్చాడు.

"ఆవిడ వాగితే నన్నంటావేంటి? నీకోసం ఆదివారమంతా కూర్చోలేదా నేను?"

"కూర్చున్నావు. నాకోసం కాదు, కిటికీలు ఊగడం కోసం. మాట్లాడుతుందా అని ఎన్నిసార్లు అడిగానురా? ఒక్కసారైనా చెవిన పడిందా?"

వాడు వచ్చే ఆదివారం తప్పకుండా అన్నాడు. డాక్టరుకి సోమవారం జవాబు చెప్పాలి. వీడి ఆదివారాలు ఎలా ఉంటాయో ఆమె చూసేసింది.

గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఫోను తీసింది. ఫోనుకైతే గొంతుంది. అన్నాళ్ళూ ఆ పని తమ్ముడిదనుకుని తను వదిలేసినందుకు తనమీద కూడా కోపం వచ్చింది. లినక్స్‌లో ఒక్కొక్క రకం గురించి దాన్ని తయారుచేసినవాళ్ళే రాసిన పుటలు ఫోను చేత చదివించుకుంటూ పోయింది. పెంగ్విన్ ముసలిదని పీకేసిన రకం దగ్గరికొచ్చేసరికి ఫోను ఒక వాక్యం చదివింది. చూపు లేనివారు పెట్టె లేపాక బీప్ అనే శబ్దం కోసం వేచి ఉండండి, వినపడగానే ఎస్ నొక్కి ఎంటర్ కొట్టండి, ఆపైన అన్నీ మాటలతోనే జరుగుతాయి.

ఆమె దాన్ని మళ్ళీ చదివించుకుంది. మళ్ళీ.

అది ఏదో చప్పుడు కాదు. ఆమె కోసం పెట్టిన పిలుపు. ఎక్కడో, ఏ ఊళ్ళోనో, ఆమె ముఖం తెలియనివాడెవడో కూర్చుని, ఈ పని చూపు లేని మనిషి ఒక్కతే చేసుకోవాలంటే ఎలా అని ఆలోచించి, ఆ బీప్ పెట్టాడు. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్న తమ్ముడికి మాత్రం అది ఏదో చప్పుడు. పరాయివాడికి తట్టింది సొంతవాడికి ఎందుకు తట్టదు?  ఆ కోపంలో ఏడుపు కూడా వచ్చింది గానీ, ఏడిస్తే అది కరిగిపోతుందని ఏడవలేదు. కోపంతో పనుంది.

శనివారం మధ్యాహ్నం అందరూ ఏవో కొనుక్కోవడానికి బజారుకి వెళ్ళారు. ఆమె వీధితలుపుకి లోపల గడియ పెట్టింది. పెంగ్విన్ వదిలేసి వెళ్ళిన డబ్బా బల్ల మీద బోర్లించింది. తన పాత రిపోర్టులన్నీ తాళాలగుత్తికి వేలాడే పెన్‌డ్రైవులో ఎప్పుడూ పదిలంగా ఉంటాయి, పోయేదేమీ లేదు. డబ్బాలోవి ఒక్కొక్కటీ గుచ్చి, పెట్టె లేపి, చెవి దగ్గర పెట్టి వింది. ఒకటి మౌనం. ఇంకొకటి సంగీతం వాయించి ఊరుకుంది. ఇంకొకటి మౌనం. 

బీప్.

ఎస్ నొక్కింది. ఎంటర్ కొట్టింది. ఏమీ లేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది. తప్పు నొక్కానేమో, మళ్ళీ మొదటినుంచి లేపాలేమో అనుకుంటుండగా స్పీకర్లోంచి ముక్కుగొంతు లేచింది. రాగం లేదు, ప్రేమ లేదు. ఏ భాష కావాలి అని అడిగింది. అన్నాళ్ళలో ఆ పెట్టె దగ్గర ఆమెకేం కావాలని అడిగింది అదొక్కటే.

అది ఒక్కొక్క ప్రశ్నా అడిగింది, ఆమె ఒక్కొక్కదానికీ జవాబు కొట్టింది. ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సమ్మతమేనా అంది. ఊగే కిటికీలు, అరచేతులంత అక్షరాలు, తమ్ముడి ఆదివారం మొత్తం. సమ్మతమే అని కొట్టింది. పాస్‌వర్డ్ అడిగింది. పుట్టినరోజు కాదు, పెళ్ళిరోజు కాదు, ఇంట్లో ఎవరి నోటా ఎన్నడూ రాని మాట ఒకటి పెట్టుకుంది. అంతా అయి, పెట్టె మళ్ళీ లేచి, ఆమె పేరు పలికి పలకరించింది. అప్పుడు తెర వెనక తీగ ఊడబీకి, పెట్టెని ఇంకోసారి లేపి చూసుకుంది. తెర లేకపోయినా లేచింది, మాట్లాడింది.

తలుపు బాదుతుంటే వెళ్ళి గడియ తీసింది. తమ్ముడు, వెనకే పెంగ్విన్, పిన్ని. తమ్ముడు సంచులు నేలమీద పెట్టి బల్ల దగ్గరికి వెళ్ళాడు. మీటలు నొక్కిన చప్పుడు, మళ్ళీ నొక్కిన చప్పుడు.

"ఏం చేశావక్కా? నేను పెట్టినవన్నీ ఏవి? తెర రావట్లేదేంటి?"

"తీసేశాను."

పెంగ్విన్ హెడ్‌ఫోన్లు చెవి దగ్గర పెట్టుకున్నట్టున్నాడు. "ఆ ముసలిదేరా" అని గొణిగాడు. ఆ తర్వాత వాడి గొంతు మళ్ళీ వినపడలేదు. అలా వాడు నోరు మూసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

పాస్‌వర్డ్ ఏంటి అని తమ్ముడు అడిగాడు. చెప్పనంది. రేపేదైనా అయితే ఎవరు బాగుచేస్తారని అడిగాడు. అవసరమైతే పిలుస్తాను, పిలిచినప్పుడు రా అంది. ఆ గోడంత తెరని రెండు చేతులా ఎత్తి వాడి చేతుల్లో పెట్టింది. బరువుకి వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇదెక్కడ పెట్టను?" అన్నాడు వాడు.

"ఇది ఎప్పుడైనా నాదా? నీకోసమే కొన్నావు. నీ గదిలో పెట్టుకో."

బల్ల మీద మోచేతులకి చోటు దొరికింది. డాక్టరుకి ఫోన్ చేసి, ఇకనుంచి నా పని నా చెవుల్లోనే ఉంటుంది, పంపండి అని ఒక్క ముక్క చెప్పింది. సోమవారం ఫైళ్ళు వచ్చాయి. మొదటిది కింది అంతస్తు ఆవిడదే. ఆ గడ్డ పరీక్షలో ఏం తేలిందో డాక్టరు మాటల్లో వింది, కొట్టింది, ముక్కుగొంతు చేత పరుగున చదివించుకుని సరిచూసుకుంది, పంపేసింది. సోఫా స్ప్రింగు కిర్రుమంది. పిన్ని గొంతు తగ్గించి, పాపం ఆవిడది ఏమైనా తెలిసిందటే అంది. టైపిస్టు తర్వాతి ఫైలు తెరిచింది.

ఆ రిపోర్టులో ఏముందని మీరూ అడక్కండి.