వారియాన్నె అడిగిన మాట

కెనడాలోని మోహాక్ ఊరు కహ్నవాకేలో, పెద్దవాళ్లకు తమ భాష నేర్పే ఆ బడి ఒక పాత ఇంట్లో నడుస్తుంది. ఇంగ్లీషు వరండా వరకే. గడప దాటాక మోహాక్ మాటే. తప్పినవాళ్లను పాఠం చెప్పే ఒన్వారి తోతా హెచ్చరిస్తుంది, ఆ తర్వాత సీటు ఇంకొకరికి ఇస్తుంది. తోతా అంటే అమ్మమ్మ. ఊరంతటికీ ఆమె తోతాయే. వారియాన్నెకు హెచ్చరికలు అయిపోయాయి. ఇంకొక్క ఇంగ్లీషు మాట దొర్లితే సీటు పోతుంది.

ఆమె అన్న అతొన్వా న్యూయార్క్‌లో భవనం కడుతూ ఉక్కు దూలం మీంచి పడి చనిపోయాడు. అంత్యక్రియలయ్యాక ఆమె బడికి తిరిగి వచ్చింది. పొద్దున్నే తోతా ఒక్కొక్కరినీ ఎలా ఉన్నావని అడుగుతుంది. వారియాన్నెకు వచ్చిన జవాబు ఒక్కటే: "వకత్షెన్నోన్ని." నేను సంతోషంగా ఉన్నాను. వారం నుంచి అదే చెబుతోంది.

తోతాకు సంగతి తెలుసు. అంత్యక్రియల రోజు మొక్కజొన్న సూప్ వడ్డించింది ఆమే. కానీ అడగని కొత్త మాట అందించదు. కావలసిన మాటను చేసి చూపించి అడగాలి.

"రోజూ సంతోషమేనా తల్లీ? మాకూ కాస్త పంచు," అన్నాడు తోటి విద్యార్థి సాక్, వరండాలో.

"నోర్ముయ్. నీకొచ్చిన మాట ఆకలొక్కటేగా."

"నా ఆకలి నిజం కదా."

ఆమె లోపలికి వెళ్లింది.

"నువ్వెలా ఉన్నావు?" అంది తోతా.

ఇంగ్లీషు మాట నాలుక మీదికి వచ్చింది. వారియాన్నె పళ్లు బిగించింది.

"నేను..."

"ఊఁ, నువ్వు?"

చలి అయితే వణికి చూపించవచ్చు. ఇదెలా చూపించాలి? ఆమె లేచి చేతులు చాచింది. నేలమీది ఒక్క చెక్కపలక వెంట అడుగు ముందు అడుగు వేసింది. ఉక్కు దూలం మీది ఆ నడక ఆ గదిలో అందరికీ తెలుసు. పలక చివర ఆగిపోయింది. చేతులు దించలేదు.

తోతా ఆ మాట అందించింది.

కొత్త మాట వస్తే గదిలో అందరూ దాన్ని నాకు, నీకు, ఆమెకు అని తిప్పి చెప్పాలి. తోతా ఆ పద్ధతి ఆపలేదు.

"నాకు దుఃఖంగా ఉంది," అన్నాడు సాక్. వారియాన్నెను వేలితో చూపించాడు. "నీకు దుఃఖంగా ఉంది." పక్కవాళ్లకు చెప్పాడు. "ఆమెకు దుఃఖంగా ఉంది."

తర్వాతి మనిషీ ఆమెనే చూపించింది. ఆ తర్వాతివాళ్లూ అంతే. బయటికి పోదామంటే తలుపు వాళ్ల వెనక ఉంది. వంతు ఆమెకు వచ్చింది.

"నాకు దుః..."

"చివర మింగేశావు. మళ్లీ."

చెప్పింది.

"మళ్లీ."

ఈసారి మాట మొత్తం వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఇంకా అవలేదు," అంది తోతా. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. "నన్ను చూపించు."

వారియాన్నె వేలెత్తింది. "నీకు దుఃఖంగా ఉంది."

"ఉంది," అంది తోతా.